మధ్యాహ్నపు లోడు కోసం జనగామ నుంచి భూపాలపల్లి దాకా

ఈ ప్రయాణం సరదాకి చేసింది కాదు. కోటలు, జలపాతాలు చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేం అనుకోను. నేను చూసినవి మూడు కరెంటు సబ్‌స్టేషన్లు. అవి కూడా ఒక్క రోజులో, తెలంగాణ కోసం బస్సులన్నీ బందైన రోజుల్లో. హన్మకొండలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, మిగిలిన టైములో మూడేళ్లుగా ఒక పరిశోధన మీద పడి ఉన్నాను. సోలార్ ప్యానెళ్ల కరెంటును పల్లె ఫీడరులోకి ఎలా కలపాలన్నది దాని విషయం. ఫీడరంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకూ బావులకూ పోయే లైను. ఇప్పుడున్న పద్ధతిలో ఆ లైనుకు కరెంటు తీసేస్తే, దానికి కలిపిన సోలార్ కూడా వెంటనే ఆగిపోవాలి, లేకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికి ముప్పు. కరెంటు తీసేసినా, ఎవరికీ ముప్పు లేకుండా, లైనులో ఒక ముక్కను విడదీసి ఎండ ఉన్నంతసేపూ నడిపించే పద్ధతి నా దగ్గర ఉంది. ఉండడమంటే కాగితం మీద ఉంది. దాన్ని ఒక ఊళ్లో పెట్టి చూడాలంటే డబ్బు కావాలి.

ఆ డబ్బిచ్చే కమిటీ ఢిల్లీలో ఉంది. మా అర్జీ చదివి, వాళ్లు ఒక ప్రశ్న పంపారు. మూడు వ్యవసాయ ఫీడర్ల మీద, గడిచిన నెల రోజుల్లో, పగలు పన్నెండు నుంచి మూడు దాకా ఎంత లోడు ఉందో, అంటే ఎంత కరెంటు వాడారో, లాగ్ బుక్కు నకళ్లతో చూపించమన్నారు. కనీసం రెండింటి మీదైనా లోడు కనిపించాలి. వాడకమే లేని చోట సోలార్ దేనికని వాళ్ల అనుమానం. ఆ రోజు అది నాకు న్యాయమైన ప్రశ్నగానే తోచింది. జవాబు సోమవారానికల్లా చేరాలి. చేరకపోతే అర్జీ మూసేస్తారు. మళ్లీ పెట్టుకుందామంటే మా గైడు సార్ ఆ ఏడాది చివర్లో రిటైరవుతున్నారు, ఆయన సంతకం లేకుండా నా మొహం చూసి ఎవరూ పైసా ఇవ్వరు. అంటే ఈ ఒక్క రోజు సరిగ్గా గడవకపోతే నా మూడేళ్ల పని బీరువాలోకి పోతుంది. ఆ భయంతోనే గురువారం తెల్లారకముందే బయలుదేరాను.

మామూలు రోజుల్లో అయితే ఇది కష్టమైన దారి కాదు. కాజీపేట నుంచి జనగామకు రైల్లో గంట పట్టదు. జనగామ నుంచి వెనక్కి వచ్చి అదే రైలు దారిలో మహబూబాబాద్ పోవచ్చు. అక్కడి నుంచి గూడూరు మీదుగా నర్సంపేటకు బస్సు, నర్సంపేట నుంచి ములుగు, ములుగు నుంచి గణపురం మీదుగా భూపాలపల్లి. రెండు రోజులు పెట్టుకుంటే హాయిగా తిరిగి రావచ్చు. నాకు రెండు రోజులు లేవు. బస్సులు డిపోలు దాటడం లేదు, రైళ్లు ఎక్కడ ఆపుతారో తెలియదు. అందుకని ఖాదర్ భాయ్ కారు మాట్లాడుకున్నాను. డీజిల్‌తో కలిపి రెండు వేల ఐదువందలు అన్నాడు. యాభై దాటిన మనిషి, మా కాలేజీ గేటు ముందే ఆయన స్టాండు. కారు వయసు మాత్రం నేను అడగలేదు. ముందు అద్దం మీద తెలంగాణ అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించి, "గిది లేకుంటె ఊరు దాటనియ్యరు మేడం" అన్నాడు. ఆ కాగితం వల్ల ముందున్న రోడ్డు సగమే కనిపించేది.

ఐదింటికి బయలుదేరి ఆరున్నరకల్లా జనగామ చేరాం. టౌనుకు కొంచెం ఇవతల రోడ్డు పక్కనే సబ్‌స్టేషన్. ఊరి పేర్లు, సబ్‌స్టేషన్ల పేర్లు రాయను, అక్కడ పనిచేసేవాళ్లను ఇరుకున పెట్టడం నాకిష్టం లేదు. డివిజన్ ఆఫీసు ఇచ్చిన అనుమతి కాగితం చూపిస్తే, రాత్రి డ్యూటీ దిగబోతున్న ఆపరేటర్ లాగ్ బుక్కు నా ముందు పడేసి మొహం కడుక్కోవడానికి పోయాడు. గంటకొక అడ్డ గీత, ఫీడరుకొక నిలువు గీత, ప్రతి గడిలోనూ ఆ గంటలో ఎన్ని ఆంపులు నడిచాయో అంకె. మధ్యాహ్నం గడులు నిండుగా ఉన్నాయి. ఆ ఫీడరు మీద బావులతో పాటు రెండు రైసు మిల్లులు కూడా ఉన్నాయట, వాటి కోసం పగలు కరెంటు తీయరట. కెమెరాతో పేజీలన్నీ ఫొటోలు తీసి, నకలు రాయించి ముద్ర వేయించుకున్నాను. ఒకటి అయింది, ఇంకొక్కటి చాలు అనుకుంటూ బయటికొచ్చి, పక్క హోటల్లో పూరీ తిని, ఎనిమిదిన్నరకు పాలకుర్తి దారి పట్టాం. రోజంతా నేను సంతోషంగా ఉన్నది ఆ రెండు గంటలే.

తొర్రూరుకు ముందు రోడ్డు మీద రాళ్లు అడ్డం పెట్టి పొయ్యిలు వెలిగించారు. వంటావార్పు. ఆ రోజుల్లో ఇటువైపు తిరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు కానీ, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. రాస్తారోకో చేసేవాళ్లు రోడ్డు మీదే వండుకుని, అక్కడే పంక్తి వేసి తింటారు. ఆగిపోయిన బండ్లలోని వాళ్లు కూడా తినాల్సిందే, తినకుండా పోతే మర్యాద కాదు. బడి పంతుళ్లు వంకాయలు తరుగుతున్నారు, ఆఫీసు గుమాస్తాలు బియ్యం కడుగుతున్నారు. ఎసరు ఎంత పోయాలో తెలియక వాళ్లలో వాళ్లే గొడవపడుతున్నారు. నేనూ ఉద్యమం మనిషినే, కాలేజీ ముందు నిరాహార దీక్ష శిబిరంలో కూర్చున్నదాన్నే. కానీ ఆ పూట నాకు గడియారం తప్ప ఏమీ కనిపించలేదు. అన్నం ఉడికేదాకా కదలనివ్వరని తేలిపోయాక, ఖాదర్ భాయ్ వెళ్లి వాళ్ల గరిటె తీసుకుని పప్పుచారు తనే కలపడం మొదలుపెట్టాడు. పెళ్లిళ్లలో వంటకు పోయిన చెయ్యి ఆయనది. దానితో అరగంట కలిసి వచ్చింది. రోడ్డు మీద విస్తరి ముందు కూర్చుని తిన్నాను. చారు నిజంగా బాగుంది. పన్నెండున్నరకు రాళ్లు పక్కకు జరిపారు.

మహబూబాబాద్ దాటి, గూడూరు వైపు ఆ రెండో సబ్‌స్టేషన్ చేరేసరికి రెండుంపావు. నడుము పట్టేసింది, చీర నిండా దుమ్ము. దారి పొడుగునా వరి పొట్ట మీద ఉంది, చాలా మడుల్లో నీళ్లు లేక నేల నెర్రెలిచ్చింది. లోపల ఒక్కడే ఆపరేటర్, చొక్కాకు నల్ల బ్యాడ్జీ. బుక్కు ఇచ్చాడు. పన్నెండు గంటల గడిలో సున్నా. ఒంటిగంటకు సున్నా, రెండుకు సున్నా. పేజీ తిప్పాను, మళ్లీ సున్నాలే. నెల రోజుల పేజీలు తిప్పినా మధ్యాహ్నం మరో అంకె లేదు.

ఎందుకిలా అని అడిగితే గోడ మీది నల్లబోర్డు చూపించాడు. ఏ వారం ఏ ఊళ్లకు పగటి కరెంటు, ఏ ఊళ్లకు రాత్రి కరెంటు అన్నది సుద్దముక్కతో దాని మీద రాస్తారు. వంతు మారగానే తుడిచేసి కొత్తది రాస్తారు. సమ్మెతో బొగ్గు బావులు ఆగిపోయాక పగటి వంతు పేరుకే మిగిలిందనీ, నెల రోజులుగా పొలాల బావులకు ఇచ్చేది రాత్రి కరెంటేననీ చెప్పాడు. పగలు కరెంటే ఇవ్వలేదన్న సంగతి బుక్కులో ఎక్కడా లేదు, బోర్డు మీద రాసి తుడిచేశారు. బుక్కులో మిగిలింది సున్నా ఒక్కటే. కరెంటు ఇచ్చినా ఎవరూ వాడకపోతే ఏం రాస్తారని అడిగాను. అప్పుడూ సున్నానే రాస్తామన్నాడు.

నేను ఫొటోలు తీస్తుంటే ఒకామె వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పేరు కొమురమ్మ, అరవైకి దగ్గర పడిన మనిషి, చేతిలో గడ్డి కోసిన కొడవలి అలాగే ఉంది. చదువు రాదు కాబట్టి వారం వారం వచ్చి బోర్డు మీద ఏం రాసిందో అడిగి పోతుందట. రాత్రేనని ఆపరేటర్ చెప్పగానే అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. నన్ను చూసి పెద్ద ఆఫీసరు అనుకుంది.

"ఆఫీసుల కెల్లి అచ్చినవా బిడ్డ? నువ్వన్న జెప్పు, జర పగలు ఇయ్యమని."

నేను ఆఫీసరును కాదని, ఎండతో కరెంటు చేసి ఇదే లైనులో కలిపే పని నేర్చుకుంటున్నానని చెప్పాను. ఆమె అంతా విని తన సంగతి చెప్పింది. కిందటి ఏడాది వానాకాలం పంటకు వాళ్ల వంతు రాత్రి పడింది. వాన కురిసి ఆగాక ఆమె భర్త మోటరు వేయడానికి పోయాడు. స్టార్టర్ డబ్బా తడిసి ఉంది. పొద్దున గడ్డికి పోయినవాళ్లు చూసి చెప్పేదాకా ఇంట్లో తెలియలేదు. ఇప్పుడు ఆమె ఆటో స్టార్టర్ పెట్టించుకుంది, కరెంటు రాగానే మోటరు దానంతటదే తిరుగుతుంది. కానీ చుట్టుపక్కల అందరూ అదే పెట్టుకోవడంతో, కరెంటు వచ్చిన నిమిషంలో మోటర్లన్నీ ఒక్కసారే లేచి ఫ్యూజు కొట్టేస్తుంది. అప్పుడు చీకట్లో పోక తప్పదు. ఏడవకుండా, తొందరపడకుండా, రేషన్ షాపు సంగతులు చెప్పినట్టే చెప్పింది.

"ఎండతోని మోటర్ నడుస్తదా?" అని అడిగింది.

"నడుస్తది అవ్వా."

"మరి ఎండ పొద్దంత ఉండె గదా బిడ్డా. ఇన్నొద్దులు ఎందుకు నడిపియ్యలె?"

పైసలు రావాలె అవ్వా అన్నాను. ఆమె తల ఊపింది. పైసలు రావడం రాకపోవడం ఆమెకు తెలియని సంగతి కాదు. నాకు మాత్రం సిగ్గేసింది. మూడేళ్లుగా నేను గీసిన బొమ్మల్లో బావి అంటే ఒక చిన్న గుండ్రం, పక్కన ఒక అంకె. ఆ గుండ్రం దగ్గరికి రాత్రిపూట ఒక మనిషి నడిచి పోతాడని నేనెప్పుడూ అనుకోలేదు. సున్నాల పేజీలకే ముద్ర వేయించుకుని మూడున్నరకు బయటపడ్డాను. అంటే భూపాలపల్లిలో లోడు దొరికితే సరి, లేకపోతే అంతా అయిపోయినట్టే.

నర్సంపేటలో టీ తాగాం. ములుగు దాకా రోడ్డు బాగానే ఉంది, గణపురం దగ్గర గుంతలు. కారులో వెళ్లేవాళ్లు అక్కడ తొందరపడొద్దు, మా సైలెన్సర్ అక్కడే వదులైంది. ఖాదర్ భాయ్ దిగి పాత తీగతో కట్టేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. భూపాలపల్లి చేరేసరికి ఆరున్నర, పొద్దు గుంకి చీకటి పడుతోంది. బొగ్గు లారీలతో నిండి ఉండే రోడ్డు ఖాళీగా ఉంది. బొగ్గు బావుల్లో పనిచేసేవాళ్లు టెంటు కింద కూర్చుని పాటలు పాడుతున్నారు. మొగుళ్లపల్లి వైపు పోయే లైన్లున్న సబ్‌స్టేషన్ మాకు కావలసింది.

అక్కడి ఆపరేటర్‌ను సదానందం అందాం, అసలు పేరు అది కాదు. రిటైర్మెంటుకు ఏడాదే ఉన్న మనిషి. నా కాళ్ల వాపు చూసి ముందు కుర్చీ వేశాడు, తర్వాత టీ పెట్టించాడు, ఆ తర్వాతే పని అడిగాడు. నేను చెప్పింది ఓపికగా విని బుక్కు తెచ్చాడు. నెల రోజుల పేజీలు తెల్లగా ఉన్నాయి. సమ్మెలో భాగంగా, డ్యూటీ చేస్తూనే బుక్కు రాయడం మానేశాడట, రేపో ఎల్లుండో కూర్చుని నింపాలట. పగలు కరెంటు ఉందా అని అడిగితే లేదన్నాడు, అక్కడా రాత్రి వంతే. ఢిల్లీ వాళ్లడిగింది, సోమవారం గడువు, మా సార్ రిటైర్మెంటు అన్నీ ఆయనకు ముందే చెప్పేశాను కాబట్టి, ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"మేడం, ముప్పై ఏండ్ల సంది గీ లైను సూస్తున్న. పగలు కరెంటుంటె పన్నెండు గొట్టంగ నూరు ఆంపులకు తక్వ ఉండది. గదే రాస్త. ఉంటె ఎంత ఉంటదో గంతే గదా, అబద్ధమైతె గాదు. మీరు మన తెలంగాణ కోసమే తిరుగుతున్రు, నేను గింత జెయ్యనా?"

ఆయన మంచితనంతో అన్నాడు. లంచం అడగలేదు, మెప్పు కోరలేదు. ఆయన చెప్పిన అంకె కూడా తప్పు కాదు. కరెంటు ఉంటే ఆ లైను మీద అంత లోడు ఉంటుందని నా లెక్కలు కూడా చెబుతున్నాయి. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే రాయమన్నాను. అంత అలసిపోయి ఉన్నాను. ఆయన తప్పులు పోకుండా ముందు పెన్సిల్‌తో మొదటి రోజు గడులు నింపి, బుక్కు నావైపు తిప్పాడు. పన్నెండు గంటలు, నూట నాలుగు. ఒంటిగంట, నూట ఏడు. చేతిరాత ముత్యాల్లా ఉంది.

ఆ అంకె మీద వేలు పెట్టి మళ్లీ చదివాను. నూట నాలుగు అంటే ఆ మధ్యాహ్నం బావుల దగ్గర మోటర్లు తిరిగాయని. పగలే నీళ్లు పారాయని. ఎవరూ రాత్రిపూట పోనక్కర్లేదని. కొమురమ్మ లాంటివాళ్లు వారం వారం వచ్చి అడిగేది, వాళ్లకు అందినట్టే రాస్తున్నాం. వాళ్లకు కరెంటు లేదని చెప్పి డబ్బు తేవాల్సిన నేను, కరెంటు ఉందని చెప్పి తేబోతున్నాను. సదానందం గారూ, చెరిపేయండి, సున్నాలే రాయండి అన్నాను.

"మీకు పైసలు రావు మేడం" అన్నాడు.

"తెలుసన్నా."

ఆయన రబ్బరుతో చెరిపి, పేజీ మీద పొడి ఊది, ఇంకుపెన్నుతో సున్నాలు రాయడం మొదలుపెట్టాడు. నెల రోజుల సున్నాలు రాయడానికి అరగంట పట్టింది. మధ్యలో ఒకసారి చెయ్యి విదిలించుకుని, ఇంత మందికి నీళ్లు లేవన్నది ఇట్ల వరసపెట్టి ఎన్నడూ రాయలేదని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. పూర్తయ్యాక ముద్ర వేసి ఇచ్చాడు. బయట ఖాదర్ భాయ్ పనైందా అని అడిగితే అయిందన్నాను. పరకాల మీదుగా హన్మకొండకు గంటన్నర. దారంతా తీగ కట్టిన సైలెన్సర్ మోతలో ఏం మాట్లాడినా వినిపించేది కాదు.

మర్నాడు మా సార్ సున్నాలు చూసి చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. ఇద్దరం కూర్చుని, ఆ నకళ్ల పైన పెట్టడానికి ఒక లేఖ రాశాం. ఇక్కడ మధ్యాహ్నం లోడు లేకపోవడానికి కారణం మధ్యాహ్నం కరెంటు ఇవ్వకపోవడమేనని, రైతులకు కావలసింది సరిగ్గా ఆ గంటల్లోనేనని, ఎండ ఉండేది కూడా ఆ గంటల్లోనేనని. నేను ఇప్పటిదాకా రాసినవాటిలో బాగా రాసింది ఆ లేఖే. నకళ్లతో కలిపి కొరియర్ చేశాను, సోమవారం చేరింది కూడా.

జవాబు పోయిన నెల వచ్చింది. సదరు ప్రాంతాల్లో పగటి వేళ విద్యుత్ వినియోగం లేనందున ప్రతిపాదన అవసరం కనిపించలేదు, అని ఒక్క వాక్యం. సార్ రిటైరయ్యారు. నేను పాఠాలు చెప్పుకుంటున్నాను. బస్సులు తిరగడం మొదలయ్యాక ఒక ఆదివారం గూడూరు వైపు పోయి కొమురమ్మను కలిశాను. చెప్పకుండా ఊరుకుంటే బాగుండదనిపించింది. పైసలు రాలేదవ్వా, మీ దగ్గర పగలు కరెంటు ఎవరూ వాడరని ఢిల్లీ వాళ్లు అనుకుంటున్నరు అన్నాను. ఆమె నన్ను వింతగా చూసి, "ఇయ్యంది ఎట్ల వాడుతం బిడ్డా?" అంది. ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను, చెప్పీ లాభం లేకపోయింది. తప్పు అంకె రాయించి ఉంటే ఇప్పుడు ఆ ఊళ్లో ప్యానెళ్లు ఉండేవేమో అన్న ఆలోచన నాకు రోజూ వస్తుంది. రాదని అబద్ధం చెప్పను. అయినా మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంటే సున్నాలే రాయమంటాను.

ఇలాంటి పని మీద ఇటువైపు బయలుదేరేవాళ్లకు ఒక్క మాట. సబ్‌స్టేషన్‌కు డ్యూటీ మారే వేళకు ముందు పోండి, బుక్కుతో పాటు గోడ మీది బోర్డు కూడా ఫొటో తీసుకోండి. గడిలో సున్నా కనిపిస్తే, ఆ గంటలో కరెంటు ఇచ్చారా లేదా అన్నది అదే గడి పక్కన, అక్కడి మనిషి చేతే రాయించి సంతకం పెట్టించుకోండి. నేను అది నకళ్ల పైన పెట్టిన లేఖలో రాశాను. పైన పెట్టిన లేఖ ఎవరూ చదవరు.